ఊపిరి లెక్క
(పసిపిల్లల వైద్యం – పనిముట్ల చరిత్ర: 9వ భాగం)

పోయిన భాగం 1816 దగ్గర ఆగింది. పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో రెనే లాయెన్నెక్ కాగితాలను గొట్టంలా చుట్టి రోగి రొమ్ముకు ఆనించి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపుకు అదే తొలి రూపం. పెద్దవాళ్ళ వైద్యానికి అది చేసిన మేలు వివరంగానే చెప్పుకున్నాం. పసిపిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది సగమే అక్కరకొచ్చింది. చల్లటి బిళ్ళ తగలగానే చంటిబిడ్డ కెవ్వుమంటుంది. ఏడిస్తే ఊపిరి వేగం పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది, లోపలి చప్పుడు ఏడుపులో కలిసిపోతుంది. పైగా విన్నదానికి అర్థం చెప్పగల చెవి కావాలి. ఆ చెవి తయారు కావడానికి ఏళ్ళు పడుతుంది. డాక్టరు లేని ఊళ్ళో ఎవరు విని చెప్పాలి?

అందుకే పిల్లల విషయంలో చరిత్ర ఇంకో రెండు దారులు వెతుక్కుంది. ఒకటి, బిడ్డను ముట్టుకోకుండా కంటితో చూసి ఊపిరి లెక్కపెట్టడం. రెండోది, చర్మంలోంచి వెలుగు పంపి నెత్తురులో ఆక్సిజన్ ఎంత ఉందో తెలుసుకోవడం. రెండింటికీ సూది అక్కర్లేదు, నెత్తురు తీయక్కర్లేదు. ఈ రెండూ ఎక్కడెక్కడో పుట్టాయి. వాటి అవసరం ఎంతటిదో తెలియాలంటే మాత్రం మన ఉద్దానం లాంటి చోటు నుంచి చూడాలి.

ఉద్దానం అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరుచుకోవడం వెనక ఆ ప్రజల ఏళ్ళ తరబడి గోడు ఉంది. పెద్దల కిడ్నీల గురించి పత్రికలు రాశాయి, రాయాలి కూడా. అదే ఇసుక నేలలో పుట్టిన పసిగుడ్డు ఊపిరి గురించి రాసినది చాలా తక్కువ. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య విసిరేసినట్టు ఊళ్ళు ఉంటాయి. తోటలు దాటితే నువ్వలరేవు లాంటి మత్స్యకార గ్రామాలు. తల్లి తెల్లవారకుండానే జీడిపిక్కల పనికి వెళ్తుంది, తండ్రి వేటలోనో వలసలోనో ఉంటాడు. బిడ్డ నానమ్మ చేతిలో ఉంటుంది. రాత్రి పూట దగ్గు ముదిరితే బయల్దేరాలా, తెల్లారేదాకా ఆగాలా అన్న నిర్ణయం ఆ ముసలామెదే. బయల్దేరితే హరిపురమో పలాసో సోంపేటో సామాజిక ఆరోగ్య కేంద్రం. అక్కడ కాదంటే టెక్కలి జిల్లా ఆసుపత్రి, ఆపైన శ్రీకాకుళం పెద్దాసుపత్రి. అక్కడా కుదరకపోతే ఇటు విశాఖ కేజీహెచ్, అటు ఒడిశాలో బరంపురం. ఒక్కో మెట్టుకూ గంటలు గడుస్తాయి. మొదటి మెట్టు ఎప్పుడు ఎక్కాలో చెప్పే గుర్తు ఇంట్లోనే దొరకాలి.

ఆ గుర్తు ఒకటి మన నానమ్మలకు ఎప్పటి నుంచో తెలుసు. “గుంటడు డొక్కలెగరేస్తన్నాడు” అన్నారంటే పరిస్థితి చేయి దాటుతోందని ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేది. నెమ్ము (న్యుమోనియా) పట్టిన ఊపిరితిత్తి గట్టిపడుతుంది, ఒక్కో శ్వాసకు లోపలికి పోయే గాలి తగ్గుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి బిడ్డ మొదట ఎక్కువసార్లు ఊపిరి తీస్తుంది. అదీ చాలనప్పుడు బలంగా లాగుతుంది. పసిపిల్లల పక్కటెముకలు మెత్తనివి కనుక ఆ లాగుడుకు రొమ్ము కింది భాగం లోపలికి గుంజుకుపోతుంది. అంటే డొక్కలెగరడం రెండో దశ. దానికి ముందు దశలో, బిడ్డ ఇంకా పాలు తాగుతూ నవ్వుతూ ఉన్నప్పుడే, ఊపిరి వేగం పెరిగి ఉంటుంది. అది చూపుకు అందుతుంది కానీ లెక్కపెట్టనిదే తెలియదు. ముసలమ్మల అనుభవానికి ఆధునిక వైద్యం కలిపినది ఆ లెక్కే.

దాన్ని కలిపింది పపువా న్యూగినీ. అక్కడి కొండ ప్రాంతం గోరోకాలో పిల్లల డాక్టరు ఫ్రాంక్ షాన్‌కు ఎక్స్‌రే తీయించే వీలు లేని ఊళ్ళ సమస్య ఎదురైంది. దగ్గుతో వచ్చే పిల్లలు వందలు, అందరికీ యాంటీబయాటిక్ ఇవ్వడం కుదరదు, ఇవ్వకూడదు. ఎవరికి నెమ్ము, ఎవరికి ఉత్త జలుబు? ఆయన బృందం 1984లో ప్రచురించిన పరిశీలనలో తేలినది: దగ్గుతో వచ్చిన బిడ్డ నిమిషానికి 50కి మించి ఊపిరి తీస్తుంటే మందు ఇవ్వాలి, డొక్కలెగరేస్తుంటే ఆసుపత్రిలో చేర్చాలి. మామూలు ఆరోగ్య కార్యకర్త చేయగల పని ఇది.

నాలుగేళ్ళకు ఆ లెక్కను సరిచూసింది మన పక్కనున్న వెల్లూరు. చిత్తూరు జిల్లా జనం తరతరాలుగా వైద్యానికి వెళ్ళే క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో థామస్ చెరియన్, ఆయన సహచరులు 1988లో లాన్సెట్ పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. అన్ని వయసులకూ ఒకే గీత సరిపోదు. ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది దాటిన బిడ్డకు 40 దాటితే ఊపిరితిత్తుల జబ్బును నమ్మకంగా పట్టుకోవచ్చు. ఏడాది దాటిన పిల్లలకు 50 గీతనే పట్టుకుంటే కొందరు జబ్బు పిల్లలు జారిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నేటికీ వాడే అంకెలు ఈ దారిలో వచ్చినవే: రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది దాకా 50, ఏడాది నుంచి అయిదేళ్ళ దాకా 40. ఆ అంకె చేరినా, దాటినా అది వేగం కిందే లెక్క. బడికి వెళ్ళని తల్లికైనా ఈ మూడు అంకెలూ నేర్పవచ్చు. వైద్య చరిత్రలో ఇంత తక్కువ ఖర్చుతో ఇన్ని ప్రాణాలు కాపాడిన కొలతలు అరుదని నా అభిప్రాయం.

నేర్పవచ్చన్నది ఊహ కాదు. ప్రాణహితకు అవతలి ఒడ్డున, తెలుగు మాట్లాడే సిరొంచ తాలూకా ఉన్న గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు చేసి చూపించారు. 1988లో మొదలుపెట్టి ఊరి ఆరోగ్య కార్యకర్తలకు, మంత్రసానులకు నెమ్మును గుర్తించి మందు ఇవ్వడం నేర్పారు. 1990లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆ ఊళ్ళలో అయిదేళ్ళలోపు పిల్లల నెమ్ము మరణాలు పక్క ఊళ్ళతో పోలిస్తే సుమారు సగానికి తగ్గాయి. యాభై, అరవై దాకా అంకెలు లెక్కపెట్టడం రాని మంత్రసానుల కోసం బంగ్ దంపతులు ఒక పనిముట్టు తయారు చేశారు. నిమిషపు ఇసుక గడియారం, పక్కన పూసలు. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి. ఇసుక జారిపోయేలోపు ఎర్రపూస దాకా వస్తే నెమ్ము. కరెంటు వద్దు, బ్యాటరీ వద్దు, చదువు కూడా వద్దు. ఈ ధారావాహికలో చెప్పుకున్న పనిముట్లన్నిటిలోకీ నా మనసుకు బాగా దగ్గరైనది ఇదే.

ఆ తర్వాత బంగ్ దంపతులు పురిటి ఇంటికే వెళ్ళి నవజాత శిశువును చూసే పద్ధతి పెట్టారు. 1999లో దాని ఫలితం వచ్చింది. నెలలోపు శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. దేశం ఈ పాఠాన్ని మెల్లగా అందుకుంది. 1992 నాటి శిశు రక్షణ, సురక్షిత మాతృత్వ కార్యక్రమంలో శ్వాసకోశ జబ్బుల నివారణ భాగమైంది. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు వచ్చారు. 2011 నుంచి బాలింత ఇంటికి వెళ్ళి బిడ్డను చూడడం వాళ్ళ విధి అయింది. ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్తారు. సంచిలో బరువు తూచే కాటా, థర్మామీటరు, గడియారం ఉంటాయి.

ఆ గడియారంతో చేసే పనిని చులకనగా చూడకూడదు. బిడ్డ నిద్రపోతున్నప్పుడో మెలకువగా ఉన్నా హాయిగా ఉన్నప్పుడో చొక్కా పైకి తీసి పొట్ట, రొమ్ము కలిసే చోటు చూడాలి. పాలు తాగుతుంటే ఆగాలి. ఏడుస్తుంటే ఊరుకున్నదాకా ఆగాలి. లెక్క పూర్తి నిమిషం సాగాలి. అర నిమిషం చూసి రెండింతలు చేస్తే పసిగుడ్డు విషయంలో తప్పు వస్తుంది. కొత్తగా పుట్టిన బిడ్డ కొన్ని ఊపిర్లు గబగబా తీసి, కొన్ని సెకన్లు ఆగి, మళ్ళీ మొదలుపెట్టడం సహజం. ఆ ఆగిన ముక్కలో చూస్తే జబ్బు కనబడదు, గబగబా తీసిన ముక్కలో చూస్తే లేని జబ్బు కనబడుతుంది. 60 వచ్చిందంటే వెంటనే ఇంకోసారి లెక్కపెట్టాలి. రెండోసారీ అంతే వస్తే ఇక ఆలస్యం చేయకూడదు.

ఇక వెలుగు కథ. ఇది విషాదంతో మొదలవుతుంది.

1940ల్లో అమెరికా, యూరప్ ఆసుపత్రుల్లో నెలలు నిండని శిశువులను గాజు పెట్టెల్లో పెట్టి ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చేవారు. బిడ్డలు బతికారు, చాలామంది చూపు పోగొట్టుకున్నారు. 1942లో బోస్టన్‌లో థియోడర్ టెర్రీ ఈ అంధత్వాన్ని మొదట వర్ణించాడు. కారణం దొరకడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. ఆస్ట్రేలియాలో కేట్ క్యాంప్‌బెల్ 1951లో ఆక్సిజన్ మీద వేలు చూపింది. ఆ వెంటనే అమెరికాలో ఆర్నాల్ పాట్జ్ ప్రయోగాలు, ఆపై పలు ఆసుపత్రులు కలిసి చేసిన పరీక్ష దాన్ని రుజువు చేశాయి. అప్పటికి ప్రపంచమంతటా సుమారు 10 వేల మంది పిల్లలు గుడ్డివాళ్ళయ్యారు. గాయకుడు స్టీవీ వండర్ వాళ్ళలో ఒకడు. దాంతో ఆక్సిజన్‌ను ఒక్కసారిగా బిగించేశారు. చూపు దక్కింది, ప్రాణాలు పోవడం మొదలైంది. ఎక్కువైతే కన్ను, తక్కువైతే ప్రాణం. ఎంత ఇస్తున్నామో తెలుసు, బిడ్డ నెత్తురులోకి ఎంత చేరుతోందో తెలియదు. తెలుసుకోవాలంటే మాటిమాటికీ నెత్తురు తీయాలి, కిలో బరువున్న బిడ్డలో తీయడానికి నెత్తురెంత ఉంటుంది?

జర్మనీలోని మార్బుర్గ్‌లో రెనాటే హుష్, ఆల్బర్ట్ హుష్ దంపతులు 1970ల మొదట్లో ఒక దారి చూపారు. చర్మాన్ని వేడిచేసి, దాని గుండా బయటికి వచ్చే ఆక్సిజన్‌ను చిన్న ఎలక్ట్రోడుతో కొలవడం. పని చేసింది, కానీ 44 డిగ్రీల వేడికి పసిచర్మం మీద ఎర్రటి మచ్చలు పడేవి, కొన్ని గంటలకోసారి చోటు మార్చాల్సి వచ్చేది. శిశు విభాగాల్లో చాలా ఏళ్ళు అదే దిక్కు.

అసలు మలుపు టోక్యోలోని నిహోన్ కోడెన్ కంపెనీలో తకువో అయోయాగి బల్ల మీద వచ్చింది. ఆయన కొలవాలనుకున్నది ఆక్సిజన్ కాదు. గుండె నిమిషానికి ఎంత నెత్తురు తోడుతుందో, రక్తంలోకి రంగు ఎక్కించి చెవి తమ్మె గుండా వెలుగు పంపి తెలుసుకోవాలనుకున్నాడు. నాడి కొట్టుకున్నప్పుడల్లా వెలుగు అటూ ఇటూ ఊగి గీతను పాడుచేసేది. ఆ ఊగుడును రద్దు చేయడానికి రెండు రకాల వెలుగు వాడి, ఒకదానితో ఇంకొకదాన్ని సరితూచాడు. ఊగుడు పోయింది. అయితే నెత్తురులో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ సరితూకం చెడిపోయేది. ఇంకొకరైతే విసుక్కునేవారు. ఆయన మాత్రం ఆగి ఆలోచించాడు. ఆక్సిజన్ మారితే తూకం చెడుతోందంటే, ఆ చెడుటలోనే ఆక్సిజన్ లెక్క ఉంది. నాడితో పాటు ఊగేది ధమనుల్లోని నెత్తురు మాత్రమే. చర్మం, ఎముక, సిరలు ఊగవు. ఊగే భాగాన్ని మాత్రమే తీసుకుంటే చాలు, చర్మాన్ని వేడి చేయక్కర్లేదు. 1974 మార్చిలో కంపెనీ పేటెంటుకు దరఖాస్తు పెట్టింది. నెల తిరక్కుండానే మినోల్టా కంపెనీ అలాంటి ఆలోచనకే ఇంకో దరఖాస్తు పెట్టింది. మొదటి పరికరాలు పెద్దగా అమ్ముడుపోలేదు. 1980ల్లో అమెరికా కంపెనీలు దాన్ని చిన్నదిగా, చవకగా చేసి ఆపరేషన్ గదుల్లోకి తెచ్చాయి. పసిపిల్లల పాదానికి చుట్టే మెత్తటి పట్టీలూ అప్పుడే వచ్చాయి.

కన్నా, ప్రాణమా అన్న పాత ప్రశ్నకు జవాబు కూడా ఈ పట్టీతోనే దొరికింది. అమెరికాలో 1316 మంది బాగా నెలలు తక్కువ శిశువుల మీద చేసిన పరీక్ష ఫలితం 2010లో వచ్చింది. ఆక్సిజన్‌ను 85-89 శాతం మధ్య ఉంచిన గుంపులో తీవ్రమైన కంటి జబ్బు 8.6 శాతం, 91-95 మధ్య ఉంచిన గుంపులో 17.9 శాతం. అదే సమయంలో మరణాలు తక్కువ ఆక్సిజన్ గుంపులో 19.9 శాతం, ఎక్కువ గుంపులో 16.2 శాతం. ప్రాణం ముందు కనుక ఇప్పుడు సాధారణంగా 90-95 మధ్య ఉంచి, కళ్ళను కంటి డాక్టరుకు క్రమం తప్పకుండా చూపిస్తారు. ఏ నవజాత శిశు విభాగంలోనైనా నెలలు నిండని బిడ్డ పాదానికి ఎర్రగా మెరిసే పట్టీ కనబడితే దాని వెనక 80 ఏళ్ళ ఈ కథంతా ఉంది.

ఆ పట్టీ మన ఊళ్ళ దాకా రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 2019 నవంబరులో కేంద్రం నెమ్ము మీద ‘సాన్స్’ ప్రచారం మొదలుపెట్టి, కింది స్థాయి ఆరోగ్య కేంద్రాల్లోనూ ఆక్సీమీటరుతో పిల్లలను చూడాలని చెప్పింది. కొన్ని నెలలకే కోవిడ్ వచ్చింది. 2020-21లో వేలికి పెట్టే క్లిప్పు మందుల దుకాణాల్లో దొరకనంతగా అమ్ముడుపోయింది. ‘సాచురేషన్ ఎంత?’ అన్న ప్రశ్న పలాస బజారులోనూ వినబడింది. అయోయాగి 2020 ఏప్రిల్ 18న, 84 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆయన పరికరం ప్రపంచంలో ప్రతి ఇంటికీ చేరబోతున్న నెలల్లోనే.

ఇంటింటికీ చేరిన ఆ క్లిప్పును పసిబిడ్డ వేలికి పెట్టి ఊరట చెందేవాళ్ళు ఉన్నారు. అది ప్రమాదం. పెద్దల వేలి కోసం చేసిన క్లిప్పు చంటిబిడ్డ వేలికి సరిగా కూర్చోదు, వెలుగు పక్కనుంచి జారి తప్పుడు అంకె వస్తుంది. కాళ్ళు చల్లబడితే నాడి అందదు. బిడ్డ కదిలితే అంకె గెంతుతుంది. పుట్టిన వెంటనే చూస్తే ఆరోగ్యవంతమైన బిడ్డకు కూడా తొలి నిమిషంలో 60-65 దగ్గరే ఉంటుంది, పదో నిమిషానికి గాని 85-95కు చేరదు. అది తెలియనివారు అనవసరంగా ఆక్సిజన్ ఇస్తారు. ఇంకో పెద్ద సంగతి చర్మపు రంగు. నల్లటి చర్మంలో ఆక్సీమీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చని 1990లోనే పరిశోధకులు గమనించారు. 2020లో అమెరికాలో వచ్చిన పరిశీలన దాన్ని అంకెల్లో పెట్టింది: పరికరం బాగుందని చెప్పినా నిజానికి ఆక్సిజన్ పడిపోయి ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. పరికరాలను సరిచూసేది ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళ మీద. పసిపిల్లల ఆక్సిజన్‌ను తగ్గించి పరీక్షించడం కుదరదు, కూడదు. అమెరికా నియంత్రణ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం ఆ పరీక్షలో నల్లటి చర్మం ఉన్నవాళ్ళు ఇద్దరు, లేదా 15 శాతం, ఏది ఎక్కువైతే అంతమంది ఉంటే చాలు. కడలి ఎండలో నల్లబడిన ఉద్దానపు బిడ్డను ఆ లెక్కలో ఎవరూ తలచుకోలేదు.

ఊపిరికి లెక్క ఉన్నట్టే నెత్తురు ప్రసరణ చూసేందుకు కూడా పరికరం లేని పద్ధతి ఒకటి ఉంది. వాంతులు, విరేచనాలతో నీరసించిన బిడ్డ రొమ్ము ఎముక మీద వేలితో కొన్ని సెకన్లు నొక్కి వదిలితే తెల్లబడిన చోటు మళ్ళీ ఎర్రబడాలి. మూడు సెకన్లు దాటినా రంగు రాకపోవడం, చేతులు చల్లగా ఉండడం, నాడి బలహీనంగా, వేగంగా కొట్టుకోవడం ఈ మూడూ కలిసి కనబడితే ప్రసరణ కుంగుతున్నట్టే.

పరికరం అక్కర్లేని ఇలాంటి గుర్తుల విలువ తుపాను రోజుల్లో తెలుస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి, ఎన్నో ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. దారుల్లో చెట్లు పడి వాహనాలు కదలలేదు. అలాంటి రోజుల్లో మానిటరు ఉన్న గది దాకా బిడ్డను చేర్చడమే కష్టం. ఆశా కార్యకర్త చేతి గడియారం మాత్రం నడుస్తూనే ఉంటుంది. నెమ్ము కథలో వెలుగు పరికరానికి నేను రెండో స్థానం ఇవ్వడానికి కారణం ఇదే. ఏ బిడ్డకు ఆసుపత్రి కావాలో లెక్క చెబుతుంది, ఆసుపత్రిలో ఆ బిడ్డకు ఎంత ఆక్సిజన్ కావాలో వెలుగు చెబుతుంది. మొదటిది తప్పితే రెండోదానికి అవకాశమే రాదు.

విశాఖలో 2018 నుంచి వైద్య పరికరాల తయారీకే ఒక ప్రత్యేక నగరం నడుస్తోంది. మన నల్లటి చర్మం మీద సరిచూసి, పసిపాదానికి సరిపోయేలా, ఆరోగ్య ఉపకేంద్రం భరించగల ధరకు ఆక్సీమీటరు పట్టీ అక్కడి నుంచే రావాలి. అలాగే ఆశా కార్యకర్తలకు ఇతర సర్వేలు, నమోదుల భారం తగ్గించి, ప్రతి పసిబిడ్డ దగ్గరా ఆ పూర్తి నిమిషం కూర్చునే తీరిక ఇవ్వాలి.

మీ ఇంట్లో చంటిబిడ్డ ఉంటే మూడు అంకెలు గుర్తుంచుకోండి: రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ళ లోపు 40. దగ్గుతో ఉన్న బిడ్డ ఊపిరి ఆ అంకె చేరితే అదే రోజు ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళండి. డొక్కలెగరేస్తున్నా, పాలు మానేసినా, పెదవులు నీలిరంగు తిరిగినా, రెండు నెలల లోపు బిడ్డ ఊపిరి వేగంగా ఉన్నా రాత్రయినా సరే 108కు ఫోన్ చేయండి. వచ్చే భాగంలో పసిపిల్లల చేతికి సరిపోయే రక్తపోటు పట్టీ ఎలా పుట్టిందో చెప్పుకుందాం.